ఒంటికాలి నిత్యకర్మ

"ఇవన్నీ చేస్తే తిమ్మిర్లు రాకుండా పోతాయా సార్?"

ధర్మవరంలోనో పెనుకొండలోనో హిందూపురంలోనో రైలెక్కి బెంగళూరుకు కీమోకు పోయేవాళ్ళు నన్ను అడిగే ప్రశ్న ఇది. పోతాయంటే అబద్ధం. పోవంటే అదీ అబద్ధమే. చెప్పలేనంటే ఎదుటి మనిషి ముఖం చిన్నబోతుంది. చెప్పలేనివాడివి పొద్దున్నే లేచి గోడ పక్కన ఒంటికాలి మీద ఎందుకు నిలబడతావు స్వామీ అన్నట్టు చూస్తారు. ఆ చూపులో తప్పేమీ లేదు. ఫలం వస్తుందో రాదో తెలియని పనులు లోకంలో చాలా ఉన్నాయి. వచ్చినా అది వచ్చినట్టు ఎప్పటికీ తెలియని పని మాత్రం వేరే జాతి. అలాంటి పనికి మనిషి రోజూ పొద్దున్నే ఎందుకు పూనుకోవాలి? ఈ ప్రశ్నను నేను వైద్యశాస్త్రం నుంచి మొదలుపెట్టినా, జవాబు కోసం తిరిగి తిరిగి వేదకర్మలను విచారించే మీమాంస దగ్గరికే పోవాల్సి వచ్చింది.

ముందు జబ్బు సంగతి. నేను ధర్మవరంలో మగ్గం గుంట పక్కన పెరిగి, హిందూపురంలో తెలుగూ సంస్కృతమూ చెప్పి రిటైరైనవాణ్ణి. పెద్దపేగులో గడ్డ తీసేశాక బెంగళూరులో ఆక్సాలిప్లాటిన్ ఎక్కించారు. మూడు వారాలకొకసారి గ్లూకోజు బాటిల్లో కలిపిన మందు, మధ్యలో రెండు వారాలు మాత్రలు. మా హిందూపురానికి కాన్సర్ ఆసుపత్రితో ఒక చిత్రమైన బంధుత్వం ఉంది. 1985 నుంచి ఎన్.టి.ఆర్. గెలుస్తూ వచ్చిన నియోజకవర్గం ఇది. ఆయన భార్య బసవతారకం కాన్సర్‌తో పోయిందీ ఆ 1985లోనే. ఆమె పేర హైదరాబాదులో 2000లో తెరిచిన ఆసుపత్రికి ఇప్పుడు మా ఎమ్మెల్యేనే ఛైర్మన్. అయినా మావాళ్ళు రైలెక్కేది బెంగళూరుకే. వంద కిలోమీటర్ల దూరం, పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరొచ్చు.

మొదటి బాటిల్ ఎక్కిన సాయంత్రమే స్టీలు చెంబు ముట్టుకుంటే వేళ్ళలో సూదులు దిగాయి. చల్లని మజ్జిగ గుక్కెడు తాగితే గొంతు పట్టేసి ఊపిరాడదేమో అన్నంత భయం. డిసెంబరు పొద్దుల్లో మా ఊరి చలిగాలికి పెదవులు కూడా జివ్వుమనేవి. ఇది ఈ మందుకు ఉన్న గుణం, కొన్ని రోజులకు తగ్గిపోతుంది. తగ్గనిది ఇంకొకటి ఉంది. మందు ఒంట్లో పేరుకునేకొద్దీ కాలివేళ్ళు మొద్దుబారతాయి, తర్వాత చేతివేళ్ళు. వైద్యం ముగిశాక కూడా కొన్ని నెలలు అది పెరుగుతూ పోవచ్చు. కొందరికి సంవత్సరాల తరబడి ఉండిపోతుంది.

కాళ్ళకే ముందు ఎందుకంటే, ఒంట్లో అన్నిటికంటే పొడుగు నరాలు అక్కడికి పోయేవే. నడుము దగ్గర వెన్నుపూస పక్కన ఉన్న నాడీకణం నుంచి ఒకే తీగ దాదాపు మీటరు పొడవు సాగి బొటనవేలి కొసకు చేరుతుంది. ఆ తీగకు కావలసిన సరుకంతా కణం దగ్గర తయారై లోపలి దారుల వెంట పోవాలి. రొమ్ము కాన్సర్‌కు ఇచ్చే పాక్లిటాక్సెల్ ఆ దారులనే బిగదీస్తుంది. మన ఇళ్ళ ముందర పూసే బిళ్ళగన్నేరు నుంచి వచ్చే విన్‌క్రిస్టిన్ వాటిని కట్టుకోనివ్వదు. ఆక్సాలిప్లాటిన్‌లోని ప్లాటినం ఏకంగా కణంలోనే చేరి కూర్చుంటుంది. ఏది ఎట్లా దెబ్బకొట్టినా కాలువ చివరి మడికి నీళ్ళందనట్టు ముందు ఎండేది కొసే.

దీని బాధ ఏమిటో బయటివాళ్ళకు చెప్పడం కష్టం. నొప్పి అనుకుంటారు. నొప్పి ఉన్నవాళ్ళు ఉన్నారు, నాకు ఎక్కువ బాధపెట్టింది మాత్రం నేల తెలియకపోవడం. ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకుంటే నిలబడ్డ మనిషిని ఒరిగిపోతాను. కళ్ళు తెరిచి ఉన్నంతసేపూ కళ్ళే కాళ్ళ పని కూడా చేస్తున్నాయన్నమాట. ధర్మవరం పోయినప్పుడు తమ్ముడి మగ్గం దగ్గర కూర్చున్నాను. ఒక పడుగు అయిపోయి కొత్త పడుగు ఎక్కించేటప్పుడు పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా అతకాలి. రెండు పట్టుపోగులను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి చిన్న మెలిక. వేల పోగులు, ఒక్కోదానికి రెప్పపాటు. చిన్నప్పుడు మాటల్లో పడి చూడకుండా చేసినవాణ్ణి. ఇప్పుడు పోగు వేళ్ళ మధ్య ఉందో జారిపోయిందో కళ్ళు పెట్టి చూస్తే తప్ప తెలియలేదు. తమ్ముడు ఏమీ అనకుండా నా చేతిలో పోగు తీసుకుని తాను అతికాడు. ఆ సమయానికి చేతులు ఇంకా మందు వేడిలో ఉన్నాయి, తర్వాత కోలుకున్నాయి. నేత బతుకుగా ఉన్న మనిషికి అవి కోలుకోకపోతే ఏమిటి గతి అన్నది మాత్రం ఆ రోజు నా బుర్రలో దిగింది.

దీన్ని రాకుండా ఆపే మందు ఉందా? 2020లో అమెరికా క్లినికల్ ఆంకాలజీ సంఘం తన మార్గదర్శకాలను సవరించినప్పుడు, ముందుజాగ్రత్తగా ఇవ్వమని సిఫారసు చేయదగ్గ మందు ఒక్కటీ లేదని తేల్చింది. వచ్చిన నొప్పికి డులాక్సెటిన్ అనే మాత్ర ఒకటి ఉంది. నరాల బలానికని అమ్మే ఎసిటైల్ ఎల్ కార్నిటిన్‌ను ఈ నివారణకు వాడొద్దని గట్టిగానే చెప్పారు. మందుల షాపులో అడిగి తెచ్చుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

మందు లేని చోట వ్యాయామం తలెత్తింది. 2018లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కీమోలో ఉన్న 355 మంది మీద జరిపిన అధ్యయనం వెలువడింది. అందులో సగం మందికి ఆరు వారాల పాటు ఇంటి దగ్గరే నడక, రబ్బరు పట్టీలు లాగడం అప్పగించారు. చేసినవాళ్ళకు చేతులూ కాళ్ళూ మంటలెత్తడం, చల్లబడడం తగ్గింది. ఇంకా తేటగా చెప్పింది 2024లో వచ్చిన మరో అధ్యయనం. ఫియోనా స్ట్రెక్‌మాన్ నాయకత్వంలో జర్మనీ, స్విట్జర్లాండ్ పరిశోధకులు ఆక్సాలిప్లాటిన్ గానీ బిళ్ళగన్నేరు జాతి మందులు గానీ తీసుకునే 158 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు నిలకడ సాధన, ఒక గుంపుకు అదిరే పలక మీద నిలబెట్టే సాధన, ఒక గుంపుకు మామూలు వైద్యం మాత్రమే. సాధనలు వారానికి రెండుసార్లు, పదిహేను నిమిషాల నుంచి అరగంట. మామూలు వైద్యం గుంపులో లెక్కకు వచ్చిన 34 మందిలో 24 మందికి నరాలు దెబ్బతిన్నాయి. పలక గుంపులో 34 మందిలో 14 మందికి. నిలకడ గుంపులో 40 మందిలో 12 మందికి.

నిలకడ సాధన అంటే పెద్ద విద్య కాదు. మా ఇంటి రూపం చెబుతాను. గోడకు చేయి అందేంత దూరంలో నిలబడాలి. ఒక పాదం మడమకు ఇంకో పాదం వేళ్ళు ఆనించి గీత మీద నిలబడ్డట్టు కాసేపు. తర్వాత ఒంటికాలు. అది కుదిరాక నాలుగు మడతలేసిన బొంత మీద ఒంటికాలు. అదీ కుదిరాక మనవడు నిమ్మకాయ విసిరితే పట్టుకోవడం. పక్కన మనిషి ఉంటే కాసేపు కళ్ళు మూసుకోవడం. ప్రతి మెట్టూ ఊగిసలాడేలా ఉండాలి, పడేలా ఉండకూడదు. రక్తకణాలు బాగా తగ్గినప్పుడు, ఎముకల్లోకి జబ్బు పాకినప్పుడు డాక్టరును అడక్కుండా చేయకూడదు. ఇంతే. మనవడికి మాత్రం ఇది పెద్ద వేడుక. "తాత తపస్సు చేస్తాండాడు" అని వీధంతా చాటాడు.

వాడి మాట దగ్గరే నాకు అసలు తేడా తట్టింది. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాల్లో కిరాతార్జునీయం ఉంది. అర్జునుడు తపస్సు చేశాడు, శివుణ్ణి మెప్పించాడు, పాశుపతం తెచ్చుకున్నాడు. కోరిక, పని, ఫలం మూడూ ఎదురెదురుగా కనిపిస్తాయి. దీన్ని మీమాంసకులు కామ్యకర్మ అంటారు. కొడుకు కావాలనుకున్నవాడు ఒక ఇష్టి చేస్తాడు, వాన కావాలనుకున్నవాడు ఇంకొకటి. అక్కర లేనివాడు మానేయొచ్చు, దోషం లేదు. మన మొక్కులన్నీ ఈ జాతివే. తలనీలాలిస్తాను, నా బిడ్డకు నయం చేయి. పెనుకొండ బాబయ్య దర్గాలో చాదరు కప్పే హిందువూ ముస్లిమూ ఇద్దరూ చేసేది ఈ బేరమే. బేరం అన్నానని చులకనగా తీసుకోవద్దు. ఇచ్చిపుచ్చుకోవడంలో ఒక చనువు ఉంది, ఆపదలో ఆ చనువే చాలామందిని నిలబెడుతుంది.

ఒంటికాలి మీద నేను చేస్తున్నది ఆ జాతి కాదు. అది నిత్యకర్మ. సంధ్యావందనం లాంటిది. చేస్తే స్వర్గం రాదు, పుత్రుడు పుట్టడు, పాశుపతం దొరకదు. చేయకపోతే మాత్రం ప్రత్యవాయం, అంటే దోషం. చేస్తే వచ్చేదేమీ లేదు, మానితే పోయేది ఉంది. నివారణ కోసం చేసే ఏ పని రూపమైనా ఇదే. ఇందులోనే మీమాంసకుల మధ్య చీలిక. ఎంత చిన్న పనికైనా ఏదో ఒక ప్రయోజనం ఉండి తీరాలి, నిత్యకర్మ ప్రయోజనం దోషం తగలకుండా చూసుకోవడమే అని కుమారిలభట్టు వర్గం. విధి చెప్పింది, అందుకని చేయాలి, ఫలం లెక్క తీయడమే పొరపాటు అని ప్రభాకరుడి వర్గం. బడిలో ఉన్నప్పుడు ఈ రెండో పక్షం నాకు మొండితనంగా అనిపించేది. చేతికి సెలైన్ సూది ప్లాస్టరు ఇంకా అంటుకుని ఉన్న పొద్దున, ఒంట్లో ఒక్క నరం కూడా సాయం రానప్పుడు, కుమారిలుడి లెక్కలు నన్ను మంచం మీంచి లేపలేదు. పళ్ళు తోముకున్నాక ఇది చేయాలి, అంతే అన్న ప్రభాకరుడే లేపాడు.

ఈ చోట చాలామంది దైవమా పురుషకారమా అన్న వాదన తీస్తారు. భీష్ముడు ధర్మరాజుకు చెప్పింది, చరకుడు ఆయుర్దాయం గురించి రాసింది, యోగవాసిష్ఠం పౌరుషాన్ని ఎత్తుకున్నది అన్నీ ఉన్నాయి. చివరికి రెండూ కావాలి అనే రాజీ దగ్గర ఆగుతారు. రాజీ మంచిదే, దానితో నా ప్రశ్న కదలదు. నా ప్రశ్న ఫలం ఎవరిస్తారు అని కాదు, వచ్చిన ఫలాన్ని ఎట్లా గుర్తుపట్టాలి అని.

ఆ జర్మన్ లెక్కలను మళ్ళీ చూడండి. ఏమీ చేయని 34 మందిలో 10 మంది నరాలకు ఏమీ కాలేదు. ఆ పదిమందీ సాధన గుంపులో పడి ఉంటే, తమ కాళ్ళ క్షేమాన్ని సాధనకే జమ కట్టుకునేవాళ్ళు. నలుగురికీ చెప్పేవాళ్ళు కూడా. సాధన చేసిన 40 మందిలో 12 మందికి దెబ్బ తగిలింది. వాళ్ళు చేసి ఏం లాభం అని ఉంటారు. ఇద్దరి మాటా తప్పే. ఫలం ఉన్నది 34 మందిలో 24కూ 40 మందిలో 12కూ మధ్య తేడాలో. ఆ తేడా గుంపుది. ఏ ఒక్కరి కాలి మీదా వేలు పెట్టి ఇదిగో ఇది సాధన ఫలం అని చూపలేం. కర్మ చేసే అధికారం నీది, ఫలం మీద కాదు అన్న గీత మాటను బడిలో ఎన్నోసార్లు చెప్పాను, అందులో వైరాగ్యబోధ ఉందనుకుంటూ. ఇక్కడ అది బోధ కాదు, లెక్క. ఫలం నిజంగానే నాది కాదు, నలభైమందిది.

నా సంగతికి వస్తే, క్రమం తప్పకుండా చేశాను. కాలివేళ్ళు మొద్దుబారాయి. చేతులు తప్పించుకున్నాయి. వార్డులో నా పక్క మంచం పెద్దాయన, తుమకూరు వైపు మనిషి, అవే మందులు. సాధన మాటెత్తితే నవ్వేవాడు. ఆయన కాళ్ళకు ఏమీ కాలేదు. చేతులు తప్పించుకున్నది నా సాధన వల్లా? చేయకపోయి ఉంటే మోకాళ్ళ దాకా వచ్చేదా? నేను ఇద్దరు మనుషులుగా ఉండి ఒకడు చేసి ఒకడు మానితే గానీ తేలదు. యాగం ఈ రోజు ముగుస్తుంది, స్వర్గం ఎప్పుడో వస్తుంది, మధ్యలో ఏముంది అని అడిగితే మీమాంసకులు అపూర్వం అన్నారు. కంటికి కనబడని ఒక శక్తి ఫలం పండేదాకా నిలిచి ఉంటుందని. శరీరశాస్త్రవేత్తలు ఆ అపూర్వాన్ని కొంచెం కొంచెంగా విప్పుతున్నారు. నరానికి రక్తం బాగా అందడం, నరాలను పోషించే ప్రొటీన్లు పెరగడం, వాపు తగ్గడం, పాదం పంపే బలహీనమైన కబురును మెదడు చెవిపెట్టి వినడం నేర్చుకోవడం. ఏది ఎంత అన్నది ఇంకా పరిశోధనలోనే ఉంది.

అసలు చిక్కు నరాలు దెబ్బతిన్నవాళ్ళతో వస్తుంది. వాళ్ళతో లోకం ఏమంటుంది? మొన్నటిదాకా పూర్వజన్మ పాపం అనేది. ఇప్పుడు చదువుకున్న లోకం "వ్యాయామం చేయలేదా?" అంటోంది. మాట మారింది, వేలు చూపేది రోగి వైపే. కీమో మధ్యలో వాంతులతో మంచం దిగలేని మనిషి, ఇంట్లో చూసుకునేవాళ్ళు లేని మనిషి, మగ్గం మానితే వారం కూలి పోయే మనిషి చేయలేకపోయి ఉండొచ్చు. అందుకే నరం చచ్చిందా?

ఇక్కడ శంకరాచార్యులు ఆదుకుంటారు. నిత్యకర్మ మానితే ప్రత్యవాయం పుడుతుందన్న మీమాంసకుల మాటను ఆయన గీతాభాష్యంలో పట్టుకుని నిలదీశారు. చేయకపోవడం అంటే ఒక అభావం. అభావం నుంచి భావం ఎట్లా పుడుతుంది? లేనిదాని నుంచి ఉన్నది పుట్టదని ఛాందోగ్యం తేల్చిన మాటనే ఆయన అక్కడ వాడుకున్నారు. కర్మకాండను తోసిపుచ్చడానికి ఆయన చేసిన వాదం ఇది, కాన్సర్ వార్డు కోసం చేసింది కాదు. అయినా అక్షరం మార్చకుండా సరిపోతుంది. నరాన్ని చంపింది ప్లాటినం. అది ఉన్న వస్తువు, గ్లూకోజు బాటిల్లోంచి చుక్క చుక్కగా దిగింది. వ్యాయామం చేయకపోవడం అనే లేనిది ఏ నరాన్నీ చంపలేదు. ఆపగలిగి ఉండేదేమో, అది వేరే మాట. ఆపనిదానికీ చేసినదానికీ తేడా లేదనేవాళ్ళు రోగి భుజం మీద ఇంకో మూట పెడుతున్నారు.

కాబట్టి నా పక్షం ఇది. పొద్దున లేచేటప్పుడు ప్రభాకరుడి శిష్యుణ్ణి. కాలివేళ్ళు మొద్దుబారాక శంకరుల శిష్యుణ్ణి. ఇద్దరూ ఒకే ఇంట్లో ఇమడరని పండితులు అభ్యంతరం చెప్పొచ్చు. ముందుకు చూసేటప్పుడు ఒక న్యాయం, వెనక్కి చూసేటప్పుడు ఒక న్యాయం అన్నది తర్కానికి ఒప్పదేమో గానీ, రోగికి రెండూ కావాలి.

మా పెనుకొండ అక్క కథ వేరే పాఠం. ఆమెకు రొమ్ములో గడ్డ, వారం వారం పాక్లిటాక్సెల్. డాక్టరమ్మ ప్రతిసారీ "చేతులూ కాళ్ళూ ఎట్లున్నాయమ్మా?" అని అడిగేది. "బాగుండాయి తల్లీ" అనేది అక్క. ఇంట్లో చూస్తే రవిక హుక్కులు మనవరాలు పెట్టాలి. కాఫీ లోటా చేతిలోంచి జారిపోయేది. మొద్దుబారిన కాలివేలి నుంచి మెట్టె జారిపోయినా తెలియక రెండు రోజులు వెతికారు. ఎందుకు చెప్పవక్కా అంటే, "సెప్పి ఏం జేస్తామురా నాయనా, ఆడదానికి ఓర్పు లేకపోతే ఎట్ల? ఆయమ్మ మందు నిలిపేస్తే?" అంది. ఓర్పూ ఉంది, భయమూ ఉంది. రెండోదాన్ని మొదటిదాని కొంగులో దాచింది.

ఓర్పును మన ఊళ్ళలో పూజిస్తారు, గీత కూడా పూజించింది. చలీ వేడీ, సుఖం దుఃఖం, వీటిని ఓర్చుకో అర్జునా అన్నాడు కృష్ణుడు. అయితే ఎందుకు ఓర్చుకోవాలో కూడా అదే శ్లోకంలో చెప్పాడు, అవి వచ్చిపోయేవి గనుక, నిలిచేవి కావు గనుక. స్టీలు చెంబు ముట్టుకుంటే దిగే సూదులు ఆ కోవలోవి, ఓర్చుకున్నాను. రవిక హుక్కు పట్టలేని వేళ్ళు ఆ కోవలోవి కాకపోవచ్చు. వచ్చి పోనిదాన్ని నోరు మూసుకుని భరించమని ఆ శ్లోకం అనలేదు. పైగా ఈ జబ్బులో రోగి నోటి మాటే డాక్టరుకు ఆధారం. మొద్దుబారింది అని చెబితేనే మోతాదు తగ్గిస్తారు, ఒక వారం వాయిదా వేస్తారు, ఒక్కోసారి మందు మారుస్తారు. తగ్గిస్తే జబ్బు తిరగబెడుతుందన్న భయం ప్రతిసారీ నిజం కాదు. పెద్దపేగు కాన్సర్‌లో 12 వేల మందికి పైగా రోగులను కలిపి చూసిన లెక్కలు 2018లో వచ్చాయి. ప్రమాదం తక్కువగా ఉన్నవాళ్ళకు ఆరు నెలల బదులు మూడు నెలల వైద్యం దాదాపు సరిసమానమేనని, నరాల దెబ్బ మాత్రం చాలా తక్కువని తేలింది. తరువాతి వారం నేను అక్కతోపాటు లోపలికి పోయి హుక్కుల సంగతి చెప్పాను. మోతాదు తగ్గించారు. అక్క నాతో రెండు వారాలు సరిగ్గా మాట్లాడలేదు.

ఆమెకు ఇంకో చిక్కు కూడా వచ్చింది. నయమైతే ధర్మవరం చెన్నకేశవస్వామి గుడిలో నూటెనిమిది ప్రదక్షిణలు చేస్తానని మొక్కుకుంది. ఉత్త కాళ్ళతో, మామూలే. స్పర్శ లేని పాదానికి మధ్యాహ్నపు బండ ఎంత కాలిందో తెలియదు, చిన్న రాయి గుచ్చుకుని పుండైనా తెలియదు. లేపాక్షిలో ఎండాకాలం మిట్టమధ్యాహ్నం బండల మీద గంతులేసే యాత్రికులను చూసి నవ్వుకుంటాం. ఆ గంతులు వేయించే నరం ఎంత పెద్ద వరమో అది పోయినవాళ్ళకు తెలుసు. నేను మొక్కు వాయిదా వేయమన్నాను, అక్క వినలేదు. గుడిలో అయ్యవారినే అడిగాం. ఆయన శాస్త్రాలేమీ తీయలేదు. "తెల్లారుజామున రాండి తల్లీ, మేజోళ్ళు తొడుక్కోండి, రోజుకు పది తిరగండి" అన్నాడు. రోజుకు పది ప్రదక్షిణలు, చేయి ప్రాకారం గోడకు ఆనించి, మలుపుల దగ్గర నిదానంగా. మొక్కు తీరేలోపు ఆమెకు తెలియకుండానే అది నడక సాధన అయింది. కామ్యకర్మ నిత్యకర్మగా మారడం శాస్త్రంలో కుదురుతుందో లేదో గానీ, ధర్మవరంలో కుదిరింది.

ఒక విషయం మాత్రం నన్ను ఇంకా వదల్లేదు. ఆ జర్మన్ అధ్యయనంలో మామూలు వైద్యం గుంపులో పడ్డవాళ్ళు. ఏ గుంపులో పడతామో చీటీ తేలుస్తుందని తెలిసే సంతకం పెట్టారు. వాళ్ళు ఏమీ చేయకుండా ఉండబట్టే, వాళ్ళలో 24 మంది కాళ్ళు మొద్దుబారబట్టే, తక్కిన రెండు గుంపుల అంకెలకు అర్థం వచ్చింది. వాళ్ళు లేకపోతే ఆ 12 అంకె ఉత్త అంకె. ఫలత్యాగం గురించి ఎన్ని వ్యాఖ్యానాలు చదివానో. తన నరాల ఫలాన్ని ముక్కూ ముఖం తెలియని హిందూపురం పంతులుకు వదిలేసిన మనుషులు జర్మనీలో ఉంటారని ఏ వ్యాఖ్యానమూ చెప్పలేదు. దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అని మూడు అప్పులతో పుడతాడు మనిషి అంటారు. ఋషిఋణం తీరేది చదివి, చదివింది ఇంకొకరికి చెప్పడంతో. వీళ్ళ అప్పు కూడా ఆ ఖాతాలోనే రాసుకున్నాను.

అందుకని ఒక కాగితం తయారుచేశాను. ఆసుపత్రుల్లో ఇచ్చే కాగితాలు ఇంగ్లీషులోనో కన్నడంలోనో ఉంటాయి, ధర్మవరం నేతవాళ్ళకు అవి పొట్లాలు కట్టుకోవడానికే. నాది తెలుగులో, ఒకే పేజీ. గోడ, బొంత, నిమ్మకాయ. రోజూ రాత్రి పాదాలను అద్దంలో చూసుకోవడం. వేడినీళ్ళను మోచేత్తో చూశాకే కాళ్ళ మీద పోసుకోవడం. మొద్దుబారితే డాక్టరుకు చెప్పి తీరడం. పైన పెద్దక్షరాలతో ఆ లెక్కలు వేశాను: చేయని 34 మందిలో 24, చేసిన 40 మందిలో 12.

జిరాక్సు తీయించే పని తమ్ముడిది. వాడు కాగితం చూసి పెదవి విరిచాడు. "అన్నా, ఈ లెక్కలు ఎవురు సదువుతారు? చేసినోళ్ళకు కూడా పన్నెండు మందికి వచ్చెనంట అని మానేస్తారు. ‘చేస్తే రాదు’ అని రాయి, అందరూ చేస్తారు."

వాడికి తెలియదు గానీ వాడు మాట్లాడింది అర్థవాదం గురించి. వేదంలో స్తుతిగా చెప్పిన వాక్యాలు అక్షరాలా నిజమని కాదు, మనిషిని పనికి పురికొల్పడానికి అని మీమాంసకులు ఎప్పుడో ఒప్పుకున్నారు. వేదానికే ఆ వెసులుబాటు ఉన్నప్పుడు ఒక జిరాక్సు కాగితానికి ఎందుకు ఉండకూడదు? మంచి ప్రశ్నే. చేస్తే రాదు అని చదివి చేసినవాడికి వస్తే, వాడి ముందు నేను ఏ ముఖంతో నిలబడను అన్నది నా జవాబు. అసలు మొదలే పెట్టనివాడి ముందు ఏ ముఖంతో నిలబడతావు అన్నది వాడి జవాబు. ఆ రోజు తేలలేదు. నాకు ఇప్పటికీ తేలలేదు.

లెక్కలు తీసేయలేదు. వాడూ ఊరుకోలేదు. జిరాక్సు షాపులోనే పెన్ను అడిగి తీసుకుని, పేజీ అడుగున తన కోడిగీతల రాతతో "మా అన్న చేస్తాండాడు" అని రాసి వంద కాపీలు తీయించాడు. అందులో అబద్ధం లేదు కాబట్టి నేను కొట్టేయలేదు.